వెంపలి ఆకును చించి చూడండి

ప్రశ్న: మేము మధురవాడలో కొండవాలు పక్కన ఉంటున్నాము. వానలు తగ్గాక మా ఖాళీ స్థలంలోని గడ్డి మధ్య మోకాలెత్తు మొక్కలు లేచి, లేత ఊదారంగు పూలు పూశాయి. మా అత్తగారు వాటిని చూసి వెంపలి అన్నారు, మా వాచ్‌మన్ మాత్రం నీలి మొక్క అంటున్నాడు. ఈమధ్యే మావారికి స్కానింగులో ఫ్యాటీ లివర్ అని తేలింది. వెంపలి వేరు కషాయం కాలేయానికి మంచిదని, రోజూ కాచి ఇస్తానని అత్తగారు పట్టుబడుతున్నారు. ఇది వెంపలేనా? ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ మొక్క ఏదో తేల్చుకుందాం. ఒక చిట్టి ఆకును తుంచి, దాని కొసను రెండు వేళ్ల గోళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. వెంపలి అయితే ఆకు అడ్డంగా తెగదు. నడిమి ఈనె నుంచి రెండు వైపులకూ ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటిగా సాగే సన్నని ఈనెల వెంబడే చీలి, బాణం వెనుక కట్టిన ఈకల ఆకారంలో ఊడివస్తుంది. సంస్కృతంలో దీనికి శరపుంఖ అనే పేరు వచ్చింది అందుకే. శరం అంటే బాణం, పుంఖం అంటే దాని ఈకల కొస.

మీ వాచ్‌మన్ పొరబడ్డాడని నవ్వకండి. రెండూ చిక్కుడు కుటుంబానికి చెందినవే, రెండింటికీ చింతాకులా జతలు జతలుగా చిట్టి ఆకులుంటాయి. పాత వైద్య నిఘంటువులు కూడా శరపుంఖను నీలి మొక్కను పోలినదిగానే వర్ణించాయి. కాయ దగ్గర మాత్రం తేడా బయటపడుతుంది. వెంపలి కాయ బల్లపరుపుగా, కొస కాస్త పైకి వంగి చిన్న కత్తిలా ఉంటుంది. నీలి కాయ సన్నగా, గుండ్రంగా పుల్లలా ఉంటుంది. కాయ మీద తెల్లని నూగు దట్టంగా ఉండి మెత్తగా తగిలితే అది వెంపలి జాతిలోనే మరొక మొక్క. దాని ఆకు కూడా అలాగే చీలుతుంది కాబట్టి ఆకు పరీక్ష ఒక్కదానితో సరిపెట్టుకోకండి. ఈ జాతికి వృక్షశాస్త్రంలో ఉన్న టెఫ్రోసియా అనే పేరు బూడిద రంగు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. వెంపలి ఆకు అడుగున కనిపించే నెరసిన ఛాయను చూస్తే ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది.

ఇక కషాయం సంగతి. మీ అత్తగారి మాటకు ఆధారం లేకపోలేదు. ఆయుర్వేదంలో దీనికి ప్లీహశత్రువు అనే పేరు ఉంది, ప్లీహం, కాలేయం వ్యాధులకు చెప్పిన మందుల్లో దీనిది ముఖ్యమైన చోటు. ప్రయోగశాలలో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో దీని సారం కాలేయాన్ని కొంత కాపాడినట్లు కూడా కనిపించింది. కానీ ఎలుకలో కనిపించిన గుణాన్ని బట్టి మీ ఇంట్లో మనిషికి ఎన్ని గ్రాముల వేరు, ఎన్ని రోజులు అన్నది తేలదు. పైగా ఈ జాతి మొక్కల్లో, ముఖ్యంగా వేర్లలోనూ గింజల్లోనూ, రోటినాన్ వర్గపు పదార్థాలుంటాయి. ఇవి కణంలో శక్తి తయారయ్యే పనికి అడ్డుపడతాయి. అందుకే కొన్ని దేశాల్లో ఈ జాతి మొక్కలను దంచి నీటిలో కలిపి, చేపలు స్పృహ తప్పి తేలాక పట్టుకునేవారు. మోతాదు తెలియని వేరును ఇప్పటికే అలసిన కాలేయం మీద రోజూ మోపడం నాకు సమ్మతం కాదు. అత్తగారిని నొప్పించకుండా, మీవారిని చూస్తున్న డాక్టరును, అర్హత గల ఆయుర్వేద వైద్యుణ్ణి అడిగాకే ఆ మాట ఆలోచిద్దామని చెప్పండి. ఫ్యాటీ లివర్‌కు మొదటి వైద్యం బరువు తగ్గడం, నడక, మద్యం మానడం. సాయంత్రం ఆయనను మీ కొండవాలు దాకా నడిపించి ఆ ఊదా పూలు చూపించండి, అందులో ఏ ప్రమాదమూ లేదు.

కలియుగం ముదిరేకొద్దీ మనుషులు కురచబారి వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసుకుంటారని పెద్దలు అనడం వినే ఉంటారు. మోకాలెత్తు మొక్కను చూశారు కనుక ఆ మాటలోని వెటకారం ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: పచ్చిరొట్ట కోసం మా మామిడి తోటలో వెంపలి గింజలు చల్లితే పదింట ఒకటైనా మొలవలేదు. గింజ చెడిందా?
– ఒక రైతు, ఆనందపురం

జవాబు: చెడి ఉండకపోవచ్చు. వెంపలి గింజ పైపొర గట్టిగా, మైనం పూసినట్టు ఉండి నీటిని లోపలికి రానివ్వదు. వాన సరిగా కురవని నేలల్లో గింజలన్నీ ఒక్క జల్లుకే మొలిచి ఎండిపోకుండా ఉండడానికి ఇది పనికివస్తుంది, రైతుకు మాత్రం విసుగు తెప్పిస్తుంది. గింజలను గరుకు ఇసుకతో కలిపి గోనెసంచిలో వేసి బాగా రుద్దండి, లేదా మరగని వేడినీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి చల్లండి. వేర్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, పశువులు కూడా దీన్ని అంతగా మేయవు, కాబట్టి కంచె లేని తోటకు ఇది నప్పుతుంది. వచ్చే ఏటి విత్తనం కోసం కాయలు గోధుమ రంగుకు తిరగగానే కోసుకోండి. పూర్తిగా ఎండనిస్తే అవి మెలితిరిగి పగిలి, గింజలన్నీ గడ్డిలో పడిపోతాయి.