లీజు కారు నడిరోడ్డున ఆగుతోంది.. కేసు వేయొచ్చా?

సందేహం: మాది కావలి. సొంత వాడకానికి ఎలక్ట్రిక్ కారు లీజుకు తీసుకుని 20 నెలలైంది. రెండో నెల నుంచే చార్జింగ్ 30 శాతం చూపిస్తూనే ఆగిపోతోంది. మొన్న పిల్లలతో ఒంగోలు పోతూ ఉలవపాడు దగ్గర హైవే మీద నిలబడిపోయాం. నెల్లూరు సర్వీసు సెంటర్‌కు ఐదుసార్లు ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే సరిపోతుందంటారు. లీజు కంపెనీ మాకు సంబంధం లేదంటోంది. ఆర్‌సీ నా పేరున లేదు. అద్దె ఆపేసి కేసు వేయొచ్చా?

జవాబు: ఆర్‌సీ మీ పేరున లేకపోవడం అడ్డు కాదు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 సెక్షన్ 2(7) ప్రకారం, డబ్బు కట్టి సేవ పొందేవారే కాదు, కొన్నవారి అనుమతితో వస్తువును వాడేవారూ వినియోగదారులే.

కేసు తేలేది ఒక్కచోటే. కారు మొదటిసారి ఆగింది ఎప్పుడు, దానికి కాగితం ఏది? మీరు పంపిన రెండు జాబ్‌కార్డులూ (కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు సమస్య, చేసిన పని రాసే కాగితాలు) చూశాను. ఒకదాంట్లో కస్టమర్ చెప్పిన సమస్య అన్న గడిలో ‘జనరల్ చెకప్’ అని ఉంది. రెండోదాంట్లో ‘పని సంతృప్తికరం’ అన్న మాట కింద మీ సంతకం ఉంది. కారు ఆగుతోందన్న ముక్క రెండింట్లోనూ లేదు! మిగతా మూడుసార్లు తెలిసినవాళ్లే కదా అని నోటిమాటతో సరిపెట్టారు. నోటిమాట నీటిమూట. చదవకుండా సంతకం పెట్టి డీలరు చేతికి మీరే ఆయుధం ఇచ్చారు.

గడువు ఇంకా ముఖ్యం. సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. అందులో 18 నెలలు పోయాయి. డీలరు హామీలతో, మీ ఉత్తరాలతో గడువు పెరగదు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, అప్‌డేట్ కోసం ఎదురుచూశానంటే ఒప్పుకుంటారన్న నమ్మకం పెట్టుకోకండి.

అద్దె మాత్రం ఆపొద్దు. సర్వీసు బాగాలేదని అద్దె ఆపే హక్కు లీజు ఒప్పందాల్లో సాధారణంగా ఉండదు. వాయిదా తప్పితే డిఫాల్టరు మీరే అవుతారు, సిబిల్ స్కోరు పడిపోవచ్చు. కారు లాక్కెళితే ప్రధాన సాక్ష్యమే చేజారుతుంది. బయటి మెకానిక్‌తో బ్యాటరీ విప్పించడమూ వద్దు, వారంటీకి అదే సాకవుతుంది.

ఈ వారమే డీలరుకు, తయారీ కంపెనీకి, లీజు కంపెనీకి లేఖ రాయండి. కారు ఇచ్చిన తేదీలు, అప్పటి కిలోమీటర్లు వేసి, ఐదుసార్ల సర్వీసు రికార్డు, బ్యాటరీ హెల్త్ రిపోర్టు 15 రోజుల్లో ఇవ్వమనండి. స్పీడ్ పోస్టు రసీదు దాచండి, ఈమెయిల్ కూడా చేయండి. కారును లాక్కెళ్లిన టోయింగ్ బిల్లు, రోడ్‌సైడ్ సాయానికి ఫోన్ చేసినప్పుడు వచ్చిన ఎస్సెమ్మెస్ వెతకండి. తేదీతో ఉన్న ఆ ఎస్సెమ్మెస్ మీ జాబ్‌కార్డుల కంటే విలువైనది. మళ్లీ ఆగితే డ్యాష్‌బోర్డు వీడియో తీసి, అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచండి. ఆ వీడియో సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది.

జవాబు రాకపోతే ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చి నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. మీరు ఉండేది ఈ జిల్లాలోనే కాబట్టి చాలు. కట్టిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. బ్యాటరీని నిపుణులతో పరీక్షించాలని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద అడగండి. ఈలోగా సర్వీసుకు వెళితే, జాబ్‌కార్డులో ‘నడుస్తూ ఆగిపోతోంది’ అని రాసి కాపీ చేతికిచ్చేదాకా కారు తాళం ఇవ్వకండి.