ఒక్క కీతో కారు నడపొద్దు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. సెకండ్ హ్యాండ్‌లో మంచి కారే దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కానీ దాంతో ఒకటే కీ వచ్చిందట, రెండోది తీరిగ్గా చూసుకుంటానన్నావట. ఇన్నేళ్లుగా తాళాల పనిలో ఉన్నవాణ్ని, నా మాట విను. ఆ రెండో కీ ఈ వారంలోనే చేయించు.

పాతకాలం కారు కీ అంటే వట్టి లోహపు ముక్క. నమూనా పక్కన పెట్టుకుని పళ్లు కోసేస్తే పని అయిపోయేది. ఇప్పటి కీ తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి సెల్ అక్కర్లేదు, ఇగ్నిషన్ చుట్టూ ఉండే తీగచుట్టే దానికి శక్తినిస్తుంది. కీ పెట్టి తిప్పగానే చిప్ తన సంకేతం పంపుతుంది, కారులోని ఇమ్మొబిలైజర్ దాన్ని గుర్తుపడితేనే ఇంజిన్ నడుస్తుంది. గుర్తుపట్టకపోతే పళ్లు ఎంత బాగా కుదిరినా తాళం తిరుగుతుందే తప్ప బండి కదలదు. కార్ల దొంగతనాలు పెరిగిపోయి ఐరోపా దేశాలు 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశాయి. మంచి ఏర్పాటే. కాకపోతే కీ పోగొట్టుకున్న అసలు యజమానిని కూడా అది దొంగలాగే ఆపేస్తుంది.

ఖర్చు పెరిగేది ఇక్కడే. ఉన్న కీకి తోడుగా ఇంకోటి చేర్చడం చిన్న పని. కొన్ని మోడళ్లలో కంప్యూటర్ తగిలిస్తే కాసేపట్లో ముగుస్తుంది. అసలు కీయే లేకుండా మొదటి కీ పుట్టించడం పూర్తిగా వేరే పని. ముందు తలుపు తెరవాలి, పళ్ల లెక్క తెలుసుకోవాలి, ఇమ్మొబిలైజర్ పిన్, అంటే దాని రహస్య సంఖ్య, సంపాదించాలి, కొన్ని కార్లలో ఆ ఇమ్మొబిలైజర్ పెట్టెనే విప్పి చదవాలి, లేదా మార్చాలి. కారు కదలదు కాబట్టి మోసుకెళ్లే బండి ఖర్చు అదనం. కారు నీదేనని కాగితాలు చూపించాలి, కీ తెప్పించేదాకా ఆగాలి. ఒక్క కీ ఉన్న రోజుకీ, ఒక్కటీ లేని రోజుకీ తేడా ఇదంతా.

చేయించే ముందు షోరూమ్‌లోనూ, ప్రోగ్రామింగ్, అంటే కీ చిప్‌ను కారుకు గుర్తు చేయించే పని, దానికి పరికరాలున్న తాళాలవాళ్ల దగ్గరా ధర అడుగు. కీకి ఎంత, కోతకు ఎంత, ప్రోగ్రామింగ్‌కు ఎంత అని విడివిడిగా చెప్పించుకో. మొత్తం ఒక్క అంకెలో చెప్తే ఏది తగ్గించుకోవచ్చో నీకు తెలియదు. ఆన్‌లైన్‌లో చవగ్గా ఉందని ముందే రిమోట్ కొనేయకు. చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటి రేడియో తరంగాలు వేరు కావచ్చు, ఒకటి 315 మెగాహెర్ట్జ్‌ది, ఇంకోటి 433ది. వాడేసిన స్మార్ట్ కీ, అంటే జేబులో ఉంచుకుని బటన్ నొక్కి స్టార్ట్ చేసే రకం అయితే, చాలావాటికి పాత కారు ముద్ర పడిపోయి ఉంటుంది, ఇంకో కారుకు ఎక్కదు. ఏ పార్ట్ నంబరు కావాలో పని చేసేవాణ్నే అడుగు.

ఇంకో ముఖ్యమైన మాట. నీకు అందని ఆ రెండో కీ ఎక్కడుందో నీకు తెలియదు కదా. కొత్తది ప్రోగ్రాం చేసేటప్పుడు పాతవన్నీ కారు మెమరీలోంచి తీసేసి, నీ చేతిలో ఉన్న రెండే ఎక్కించమను. దాంతో ఆ కీ ఇంజిన్‌ను స్టార్ట్ చేయలేదు. అయితే దాని లోహపు భాగం మాత్రం తలుపు తెరవగలదు, కాబట్టి విలువైనవేవీ కారులో వదలకు. పని అయ్యాక అక్కడే నిలబడి రెండు కీలతోనూ ఇంజిన్ స్టార్ట్ చేసి, బటన్లు నొక్కి, తలుపులన్నీ తెరిచి చూశాకే డబ్బులివ్వు.

రిమోట్ పలకనంత మాత్రాన కీ పోయిందనుకోకు. ముందు సెల్ మార్చి చూడు, చాలావాటిలో ఉండేది 2032 నాణెం సెల్. స్మార్ట్ కీ అయితే లోపల చిన్న లోహపు కీ దాగి ఉంటుంది, దాంతో తలుపు తీసి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కు. చాలా కార్లలో సెల్ అయిపోయినా చిప్ పలుకుతుంది. ఆనించాల్సిన చోటు కొన్నిటిలో వేరుగా ఉంటుంది, మాన్యువల్ చూడు. పైడొప్ప విరిగితే డొప్ప ఒక్కటే మార్పించు, కొత్త కీ అక్కర్లేదు. లోపలి చిప్ గింజంత ఉంటుంది, పాత డొప్పతో పాటు పారేయకుండా చూసుకో.

కొత్త కారుతో కీలకు తగిలించి నంబరున్న చిన్న ట్యాగ్ ఇస్తారు, పళ్ల లెక్క దాన్నిబట్టే తెలుస్తుంది. అమ్మినవాళ్లకు ఇవాళే ఫోన్ చేసి అది ఉందేమో అడుగు. దొరికితే ఇంట్లో దాచు, కారులో వద్దు. అలాగే ఇన్సూరెన్స్ రెన్యూవల్‌లో కీ పోతే చెల్లించే అదనపు కవర్ ఉంటుందేమో కనుక్కో.

రెండో కీని మొదటిదాని గుత్తిలోనే వేయకు. ఇంట్లో మీ అమ్మకివ్వు, అప్పుడప్పుడూ దాంతో కూడా కారు తీస్తుండు, సెల్ ఎప్పుడు నీరసపడిందో తెలుస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య