బంతి తిరగాలంటే తీగ జారాలి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. టెన్నిస్‌లో ఫోర్‌హ్యాండ్ గట్టిగా కొడితే బంతి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దాటిపోతోందని, టాప్‌స్పిన్, అంటే బంతి ముందుకు దొర్లే తిరుగుడు, పెరగడానికి రాకెట్‌కు ఏ గట్టింగ్ (తీగలు అల్లి బిగించడం) చేయించాలో చెప్పమని అడిగావు. దుకాణంలో పలకలు తేలిన తీగ చూపించి, ఆ అంచులే బంతిని కరిచి తిప్పుతాయని చెప్పారట. ఇరవై ఏళ్లకు పైగా ఇంట్లో మెషీన్ పెట్టుకొని గట్టింగ్ చేస్తున్నవాడిగా చెబుతున్నాను, ఆ మాటలో నిజం కొంతే.

బంతి తీగలను తాకి ఉండేది సెకనులో సుమారు 200వ వంతు మాత్రమే. రాకెట్ కింది నుంచి పైకి లేస్తూ బంతిని రుద్దినప్పుడు, పిడి నుంచి తల వైపు సాగే పొడవు తీగలు, అంటే మెయిన్స్, బంతితో పాటు కాస్త పక్కకు జరుగుతాయి. బంతి ఇంకా రాకెట్‌ను విడవకముందే అవి అడ్డు తీగల, అంటే క్రాసెస్, మీదుగా జారి తమ చోటికి విసురుగా తిరిగివస్తే, ఆ విసురంతా బంతికి అదనపు తిరుగుడుగా చేరుతుంది. అలా రాలేక పక్కనే ఆగిపోయిన తీగ బంతికి ఏమీ ఇవ్వదు. ఇప్పుడు నీ రాకెట్‌లో ఉన్న నైలాన్ తీగలను ప్రతి పాయింట్ తర్వాత వేళ్లతో సరిచేసుకుంటున్నావు కదా, లోపం అక్కడే ఉంది.

ఈ జారుడుకు ఎంత బలం ఉందో 1977లోనే లోకం చూసింది. అడ్డు తీగలతో అల్లకుండా, వాటికి రెండు వైపులా మెయిన్స్‌ను రెండు పొరలుగా వదిలి, ప్లాస్టిక్ గొట్టాలు తొడిగిన ‘స్పగెట్టి’ రాకెట్‌తో రుమేనియా ఆటగాడు ఇలీ నస్టాసే ఆడితే, మట్టి కోర్టులపై వరుసగా 53 మ్యాచ్‌లు గెలిచి ఉన్న అర్జెంటీనా ఆటగాడు గిల్లెర్మో విలాస్ విసిగిపోయి ఆ టోర్నీ ఫైనల్ మధ్యలోనే ఆట వదిలేశాడు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య వెంటనే ఆ రాకెట్‌ను నిషేధించింది. తీగలు అల్లే ఉండాలన్న నియమానికి లోబడి, ఆ జారుడును మళ్లీ ఆటలోకి తెచ్చినవి పాలియెస్టర్ తీగలు. 1997లో గుస్తావో కుయెర్టెన్ లక్సిలాన్ కంపెనీ పాలియెస్టర్ తీగలతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక చాలామంది ఆటగాళ్లు క్రమంగా వాటి వైపు మళ్లారు.

కాబట్టి నీకు కావలసింది పాలియెస్టరే. నడాల్ వాడిన బాబొలాట్ కంపెనీ ఆర్‌పీఎం బ్లాస్ట్ తీగకు ఎనిమిది పలకలున్న మాట నిజమే కానీ, దాని పైనుండి జారుడుకు తోడ్పడే సిలికాన్ పూతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పలకలు కొత్తలో కొంత మేలు చేస్తాయి, అయితే అడ్డు తీగలను త్వరగా కోస్తాయి కూడా. మెయిన్స్, క్రాసెస్ రెండూ పలకల తీగతో వేయించే కన్నా, మెయిన్స్‌కు పలకల తీగ, క్రాసెస్‌కు నున్నటి గుండ్రటి పాలియెస్టర్ వేయించడం నా చేతికి నచ్చిన పద్ధతి. మందం 1.25 మి.మీ. చాలు. నీ రాకెట్ 16 మెయిన్స్, 19 క్రాసెస్ ఉన్నది, తీగలు జారడానికి తగినంత ఖాళీ ఉంటుంది కనుక అల్లిక గురించి చింత లేదు.

టెన్షన్, అంటే తీగల బిగువు, విషయంలో మాత్రం నిదానించాలి. నైలాన్‌ను 55 పౌండ్లకు బిగించేదానివి, పాలియెస్టర్‌ను 50కి బిగించమను. ఫ్రేమ్ మీద అచ్చువేసిన హద్దులు ఒకసారి చూసుకో. టెన్షన్ తగ్గించినంత మాత్రాన స్పిన్ అమాంతం పెరగదు. బంతి ఇంకాస్త పైకి లేచి దూరం పోతుంది, అంతే. మార్చాలనుకుంటే ఒక్కో గట్టింగ్‌కు రెండేసి పౌండ్ల చొప్పున మార్చి, వారం ఆడి చూడు.

చేతి మాట కూడా చెప్పాలి. పాలియెస్టర్ గట్టి తీగ. కొత్త మోజులో నేను 58 పౌండ్లకు బిగించి, తెగలేదు కదా అని అయిదారు నెలలు అదే గట్టింగ్‌తో ఆడాను. చివరికి మోచేయి పట్టేసి నీళ్ల చెంబు ఎత్తలేకపోయాను. నీకు పదహారేళ్లే. మోచేతిలో గానీ మణికట్టులో గానీ సలుపు మొదలైతే, క్రాసెస్‌కు మెత్తని నైలాన్ వేయించు. స్పిన్ కొంత తగ్గినా ఫరవాలేదు. ఫెదరర్ దీన్ని తిరగేసి, మెయిన్స్‌కు పశువుల పేగుతో చేసే సహజమైన గట్, క్రాసెస్‌కు పాలియెస్టర్ వేయించేవాడు. నున్నటి పాలియెస్టర్ మీద గట్ చక్కగా జారుతుంది, చేతికీ హాయిగా ఉంటుంది. అయితే దాని ఖరీదు మన ఇంటి లెక్కలకు అందదు, తేమ తగిలితే పాడవుతుంది కూడా.

పాలియెస్టర్ తెగకముందే చచ్చిపోతుంది. మొదటి రోజు నుంచే బిగువు వదులుతుంది, పన్నెండు, పదిహేను గంటల ఆటయ్యేసరికి తీగలు ఒకదాన్నొకటి కోసుకొని గాట్లు పడతాయి. ఆ గాట్లలో ఇరుక్కున్న మెయిన్స్ ఇక జారవు. ఒక మెయిన్‌ను వేలితో పక్కకు నెట్టి వదిలి చూడు. టక్కున తన చోటికి వస్తే ఇంకా ప్రాణం ఉన్నట్టు, నెట్టిన చోటే ఉండిపోతే తెగకపోయినా కోసి పారేయాల్సిందే. గట్టింగ్ చేయించిన తేదీని చిన్న కాగితం మీద రాసి ఫ్రేమ్ లోపలి వైపు అంటించుకో. ఖర్చు గురించి నాన్నతో పేచీ వద్దు, 200 మీటర్ల రీలు ఒకటి కొంటే రాకెట్‌కు 12 మీటర్ల చొప్పున పదహారు గట్టింగ్‌లు వస్తాయి. మీ అకాడమీ పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కోవచ్చు.

వచ్చే ఆదివారం రాకెట్ తీసుకురా, మొదటి గట్టింగ్ నేనే చేసి పెడతాను. దారిలో కారు డిక్కీలో మాత్రం పెట్టకు, ఈ మే ఎండకు ఉన్న బిగువు కాస్తా ఇల్లు చేరేలోపే దిగిపోతుంది.

ఇట్లు,
పెదనాన్న