తుల్లియా చేత అర్థం చెప్పించకు

అమ్మాయ్,

రోమన్ వక్త సిసెరో మీద, ఆయన కూతురు తుల్లియా మీద రాసిన నీ కథ చదివాను. సిసెరో గుమ్మంలో నిలబడి కూతుర్ని పిలిచే చోట నాకు గొంతు పూడుకుపోయింది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఆ తర్వాతి పేజీకే ఒళ్ళు మండింది. నాయనమ్మ మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "తుల్లియా అంటే శాంతిని తెచ్చేది అని అర్థం తల్లీ" అంటుందా? పక్కన ఫ్లోరా అని ఒక చెల్లెలు కూడానా? అరుదైన పేరు, అందమైన అర్థం అని ఎంచుకున్నానని రాశావు. ఆ అర్థం పిల్లల పేర్ల జాబితాల్లో దొరికి ఉంటుంది. ఆ జాబితాలు చేసేవాళ్ళకి ప్రతి పేరుకీ తియ్యటి అర్థం ఒకటి ఉండి తీరాలి.

ఆ కాలంలో రోమన్లు ఆడపిల్లకి అర్థం చూసి పేరు పెట్టేవాళ్ళు కారు. మగపిల్లాడికి తొమ్మిదో రోజున, ఆడపిల్లకి ఎనిమిదో రోజున పేరు పెట్టేవాళ్ళు గానీ, ఆడపిల్ల పేరు పుట్టకముందే ఖాయం. తండ్రి వంశం సిసెరోదిలా తుల్లియస్ అయితే కూతురు తుల్లియా, జూలియస్ అయితే జూలియా. మన ఇంటిపేరే తీసి పిల్లకి పెట్టినట్టు. సిసెరోకి రెండో కూతురు లేదు, కొడుకు మార్కస్ ఉన్నాడంతే. ఉండుంటే ఆమె కూడా తుల్లియానే అయ్యేది. కాబట్టి ఫ్లోరాని ఆ ఇంట్లోంచి పంపించెయ్.

రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన పాత గాథలో సెర్వియస్ తుల్లియస్ అనే రాజుకి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరూ తుల్లియాలే. చిన్న తుల్లియా మొగుణ్ణి గద్దెనెక్కించడం కోసం తండ్రి మీదకి ఉసిగొల్పి, వీధిలో పడున్న తండ్రి శవం మీదుగా బండి తోలించింది. ఆ వీధికి పాపపు వీధి అని పేరు పడింది. రోములో ప్రతి ఇంటికీ తెలిసిన కథ అది. అదే పేరున్న కూతుర్ని సిసెరో ముద్దుగా తుల్లియోలా అని పిలుచుకున్నాడు. పేరుకి అర్థం పిలిచేవాళ్ళ నోట్లో ఉంటుందని నేను ఇన్నేళ్ళుగా మొత్తుకునేది ఇందుకే.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే ముసలామె మీద ఒక కథ రాసి వారపత్రికకి పంపాను. ఆవిడ పేరు పోలమ్మ. అచ్చయి వచ్చేసరికి పూర్ణిమ అయి కూర్చుంది. పేరు వినసొంపుగా ఉండాలని సంపాదకుడు మార్చేశాడట! అరికాళ్ళు ఉప్పుకి పగిలి నెత్తురు కారే మనిషిని ఆ ఊళ్ళో పూర్ణిమా అని ఎవరు పిలుస్తారు? నిలదీస్తూ ఉత్తరం రాస్తే జవాబు లేదు. పారితోషికం తిప్పి పంపేద్దామనుకున్నా గానీ ఆ నెల అద్దె దాంతోనే కట్టాలి. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. కథానాయికల పేర్లకి నగిషీలు చెక్కే ఆ ఫ్యాషన్ కూడా పోలేదు.

నువ్వు సిసెరో ఉత్తరాలు చదువు. చిన్నప్పుడు తండ్రి స్నేహితుడు అట్టికస్ ఏదో కానుక ఇస్తానంటే, తుల్లియా అది ఏదీ అని గోల పెడుతూ, జామీను నువ్వేగా అని తండ్రి మీద పడింది. క్రీ.పూ. 57లో సిసెరో ప్రవాసం నుంచి తిరిగొచ్చి బ్రుండీసియం రేవులో దిగితే, ఎదురొచ్చి నిలబడింది ఆ కూతురే. అది ఆగస్టు 5, ఆమె పుట్టినరోజు. క్రీ.పూ. 45లో కాన్పు తర్వాత ఆమె చనిపోతే ఆయన ఆస్తురా అనే చోట ఉంటూ పొద్దున్నే దట్టమైన అడవిలోకి వెళ్ళి సాయంత్రం దాకా బయటికి వచ్చేవాడు కాదు. ఆమెకి సమాధి వద్దు, గుడే కట్టాలని తోటల కోసం వెతికించాడు. ఇవన్నీ చేతికి అందుతుంటే శాంతి గీంతి అని ఆ ముసలామె నోట్లో ఎందుకు పెట్టావు?

నాయనమ్మ దృశ్యం మొత్తం కొట్టెయ్. ఆ చోట కానుక గొడవ రాయి, తండ్రి ఒక్కసారి తుల్లియోలా అని పిలిస్తే చాలు. అప్పుడు గుమ్మం దగ్గరి పిలుపు దానంతటదే నిలబడుతుంది, ఆ పేరాలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోకు. కథని పోటీలకి పంపే సంగతి ఇప్పుడొద్దు. రెండో పేజీ తిరగరాసి పంపు, చదువుతాను.