శివలింగ్ ప్లాన్‌ని దిగడం దగ్గర మొదలుపెట్టు

అమ్మా,

నీ ఉత్తరం, దానితోపాటు పంపిన ప్లాన్ అందాయి. రెండుసార్లు చదివాను. ఉత్తరకాశీలో పర్వతారోహణ అడ్వాన్స్ కోర్సు పూర్తి చేసి, ఇప్పుడు మీరు నలుగురూ గంగోత్రి దగ్గరి శివలింగ్ శిఖరం ఎక్కాలనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. వద్దని చెప్పడానికి రాయడం లేదు. నీ ప్లాన్‌లో ఎక్కే ప్రతి రోజుకీ అర పేజీ కేటాయించావు. దిగడానికి మాత్రం ఒక్కటే లైన్ ఉంది: "సమ్మిట్, అదే రోజు క్యాంప్ 2, మర్నాడు తపోవనం." తపోవనం అంటే కొండ కింద మీ బేస్ క్యాంప్, అంటే అంత దూరం దిగడానికి ఒక్క లైన్. ఆ లైన్ నాకు నచ్చలేదు. దాన్ని విప్పి రాయడం మొదలుపెడితే మిగతా ప్లాన్ అంతా దానంతటదే మారిపోతుంది. అదెలాగో చెప్తాను.

శివలింగ్ ఎత్తు 6,543 మీటర్లు. 1974లో ఐ.టి.బి.పి. (ఇండో-టిబెటన్ బోర్డర్ పోలీస్) బృందం మొదటిసారి ఎక్కింది. మీరు అనుకుంటున్న వెస్ట్ రిడ్జ్, అంటే పడమటి గట్టు, ఆ కొండకి మామూలు దారి. మామూలు దారి అన్నంత మాత్రాన నడిచిపోయే దారి కాదు. పైన వేలాడే మంచు గోడ, అంటే సెరాక్, దాటాలి. అక్కడ నిటారు ఐస్ ఉంటుంది. ఎక్కేటప్పుడు నువ్వు తెల్లవారుజామున, ఒంట్లో శక్తితో, ముందు చూస్తూ వెళ్తావు. దిగేటప్పుడు అదే చోటికి నిద్ర లేకుండా, నీళ్ళు తాగకుండా, కాళ్ళు వణుకుతూ వస్తావు. పైగా దిగడమంతా రోప్ మీద, నువ్వు పెట్టిన యాంకర్, అంటే రోప్ కట్టిన ఆధారం, మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కేటప్పుడు కాలు జారితే కింద ఉన్న పార్ట్‌నర్ బిలేతో, అంటే నీ రోప్ బిగించి పట్టుకుని, ఆపుతాడు. రాపెలింగ్‌లో, అంటే రోప్ మీద జారుతూ దిగేటప్పుడు, యాంకర్ ఊడితే ఆపేవాళ్ళుండరు.

చాంగబాంగ్ పేరు నీకు తెలుసు, 6,864 మీటర్లు, నందాదేవి పక్కనే. 1997లో నలుగురు బ్రిటిష్ క్లైంబర్లు దాని నార్త్ ఫేస్ ఎక్కారు. చాలా కష్టమైన గోడ, గట్టి మనుషులు. ఎక్కడం అయిపోయాక, అవతలి వైపు దిగేటప్పుడు అవలాంచ్ (మంచు చరియ) వచ్చి బ్రెండన్ మర్ఫీని తీసుకెళ్ళిపోయింది. ఆయనకి అనుభవం తక్కువై కాదు. దిగే దారిలో గడిపే ప్రతి గంటా ప్రమాదంలో గడిపే గంటే. అందుకే ఆ గంటలు ఎన్నో ముందే లెక్కపెట్టుకోవాలి.

లెక్క ఇలా వెయ్యి. నిటారు భాగం 400 మీటర్లు అనుకో. 60 మీటర్ల రోపులు రెండు కలిపి వాడితే ఒక్కో రాపెల్‌కి నిజంగా దొరికేది 50 మీటర్లే. అంటే ఎనిమిది రాపెల్స్. యాంకర్ చెయ్యడం, నలుగురు ఒకరి తర్వాత ఒకరు దిగడం, రోప్ లాగడం, అది ఇరుక్కుంటే విడిపించడం, అన్నీ కలిపి ఒక్కోదానికి అరగంట పైనే. మొత్తం అయిదు గంటలు. సమ్మిట్ నుంచి మొదటి యాంకర్ దాకా ఒక గంట, చివరి రాపెల్ నుంచి టెంట్ దాకా ఇంకో గంట. ఏడు గంటలయ్యాయి. అక్టోబర్ మొదట్లో సాయంత్రం ఆరుకే చీకటి పడుతుంది. కాబట్టి సమ్మిట్ మీద ఉన్నా, సమ్మిట్‌కి వంద మీటర్ల కింద ఉన్నా, పదకొండు గంటలకి వెనక్కి తిరగాలి. నీ ప్లాన్‌లో సమ్మిట్‌కి "మధ్యాహ్నం 2" అని ఉంది. అలా చేస్తే చివరి మూడు నాలుగు రాపెల్స్ చీకట్లో చెయ్యాల్సి వస్తుంది. ఎక్కడానికి తొమ్మిది గంటలు పడుతుందనుకుంటే క్యాంప్ నుంచి రాత్రి రెండుకే బయలుదేరాలి. ఆ పదకొండు గంటల హద్దు బేస్ క్యాంప్‌లో ఉండగానే నలుగురూ ఒప్పుకుని కాగితం మీద రాసుకోండి. పైకి వెళ్ళాక ఆ విషయం మీద చర్చ ఉండకూడదు. ఆ ఎత్తులో మెదడు తనకి కావలసిన జవాబే చెప్తుంది.

ఇప్పుడు సామాను. నీ లిస్టులో ఐస్‌లో బిగించే స్క్రూలు, రాతి పగుళ్ళలో ఇరికించే నట్స్, కామ్స్ అన్నీ ఎక్కడానికి సరిపడా ఉన్నాయి. దిగేటప్పుడు కొండ మీద వదిలేసి రావలసిన వాటి మాటే లేదు. ఐస్‌లో రాపెల్‌కి అబలకోవ్ థ్రెడ్ చెయ్యడం నేర్చుకునే ఉంటావు. పొడుగు స్క్రూతో రెండు రంధ్రాలు లోపల కలిసేలా తొలిచి, అందులోంచి 7 మి.మీ. కార్డ్ (సన్నటి తాడు) దూర్చి ముడివేస్తాం. ఒక్కోదానికి ఒకటిన్నర మీటర్ల కార్డ్ పోతుంది. ఇరవై మీటర్లు తీసుకెళ్ళు. దారం లాగే హుక్, కత్తి ఇద్దరి దగ్గరైనా ఉండాలి, ఒకరిది జారిపడితే ఇంకొకరిది ఉంటుంది. రాతి భాగాల కోసం వదిలెయ్యడానికి నాలుగైదు పిటన్లు (రాతిలో కొట్టే మేకులు), కొన్ని స్లింగ్స్ (పట్టీ ఉచ్చులు) కూడా పెట్టుకో. ప్రతి థ్రెడ్‌కీ పైన ఒక స్క్రూ బ్యాకప్‌గా పెట్టి, బరువైన మనిషిని ముందు దింపండి. ఆ బరువుకి థ్రెడ్ కదలకపోతే, అందరికంటే తేలికైనవాళ్ళు బ్యాకప్ తీసేసి చివరగా దిగాలి. రోప్ చివర్లలో ముడి, ఒంటికి ప్రూసిక్ (జారితే రోప్‌ని బిగించి పట్టే ముడి): ఈ రెండూ లేకుండా ఎవ్వరూ బరువు వెయ్యకూడదు, ఎంత తొందరైనా సరే. ఇదంతా కోర్సులో పగటిపూట, పొడి గ్లోవ్స్‌తో చేసి ఉంటారు. బయలుదేరే ముందు నలుగురూ రాత్రి, హెడ్‌ల్యాంప్ వెలుగులో, లావుపాటి గ్లోవ్స్ వేసుకుని కలిసి చెయ్యండి. చేతులు ఆలోచించకుండా చేసే దాకా చెయ్యండి.

ఆ రిడ్జ్ మీద ముందు వెళ్ళినవాళ్ళు కట్టి వదిలేసిన పాత ఫిక్స్‌డ్ రోపులు కనిపిస్తాయి. వాటికి జుమార్ (రోప్ పట్టుకుని పైకెక్కే సాధనం) తగిలించవద్దు. ఎండకి, మంచుకి నానిన నైలాన్‌లో ఎంత బలం మిగిలిందో కంటితో చూసి చెప్పలేం. మీ సొంత రోప్ ఒక 200 మీటర్లు తీసుకెళ్ళి నిటారు భాగంలో ఎక్కేటప్పుడే ఫిక్స్ చెయ్యండి, దిగేటప్పుడు తీసుకొచ్చేయండి. అల్పైన్ స్టైల్‌లో, అంటే ఫిక్స్‌డ్ రోపులు లేకుండా, వెళ్ళాలని నీకు ఉందని తెలుసు. ఆ పద్ధతి మీద నాకూ గౌరవం ఉంది. కానీ నలుగురూ మొదటిసారి ఇంత టెక్నికల్ కొండకి వెళ్తున్నారు. ఈసారికి రోప్ ఉండనీ. తుఫాను వచ్చినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, అప్పటికే కట్టి ఉన్న రోప్ మీద దిగడం చాలా తేలిక.

ఇక ఎత్తుకి అలవాటు పడటం. గంగోత్రి 3,100 మీటర్ల దగ్గర ఉంది. భోజ్‌బాసా 3,800, తపోవనం సుమారు 4,400. నువ్వేమో గంగోత్రిలో ఒక రాత్రి, భోజ్‌బాసాలో ఒక రాత్రి, మూడో రాత్రి తపోవనం అని రాశావు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలనీ పర్వతారోహణ వైద్యులు చెప్పే మాట. దీని ప్రకారం గంగోత్రిలో రెండు, భోజ్‌బాసాలో రెండు రాత్రులు తప్పనిసరి. తపోవనంలో మొదటి మూడు రోజులు టెక్నికల్ పని ఏమీ పెట్టుకోవద్దు. చుట్టుపక్కల కాస్త ఎత్తుకి నడిచి, రాత్రికి కిందికొచ్చి పడుకోండి. ఆ తర్వాత క్యాంప్ 1లో, క్యాంప్ 2లో ఒక్కో రాత్రి పడుకుని మళ్ళీ తపోవనానికి దిగి రెండు రోజులు తిని నిద్రపోవాలి. సమ్మిట్ ప్రయత్నం ఆ తర్వాతే. ఈ తిరుగుళ్ళలో ఇంకో లాభం ఉంది. దిగే దారి మీ కాళ్ళకి అలవాటవుతుంది. ఏ రాయి దగ్గర ఎటు తిరగాలో చీకట్లో, పొగమంచులో కూడా గుర్తొస్తుంది.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ గురించి అడిగావు. నివారణకి మామూలుగా 125 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే డాక్టర్‌కి చెప్పాలి. అందరూ ఇంట్లో ఉండగానే ఒకరోజు వేసుకుని చూడండి. ఎత్తు జబ్బు ముదిరితే ఇచ్చే డెక్సామెథసోన్, నిఫెడిపిన్ ఎప్పుడు, ఎంత ఇవ్వాలో డాక్టర్ చేత రాయించుకుని ఆ కాగితం మందుల సంచిలోనే ఉంచండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, తగ్గని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుకోవాలి. ఒక కాలి మడమని ఇంకో కాలి వేళ్ళకి ఆనిస్తూ ఒకే గీత మీద నడవలేకపోతుంటే మెదడు వాస్తోందని అనుకోవాలి. రెంటికీ అసలు వైద్యం దిగడమే, అదీ ఆ రాత్రే. పొద్దున చూద్దాం అనుకోవద్దు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ అంకె బాగుందని మనిషిని నమ్మకుండా ఉండొద్దు. మనిషి నడక చూడు, మాట చూడు.

సీజన్ గురించి నా అభిప్రాయం వేరు. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నిజమే. కానీ వర్షాకాలపు ఆఖరి మంచు పైన ఎంత పడి ఉందో కింద నుంచి తెలియదు. 2022 అక్టోబర్ 4న, అదే ఉత్తరకాశీ జిల్లాలో, ద్రౌపదీ కా దండా-2 మీద శిక్షణ బృందం మీద అవలాంచ్ పడింది. 27 మృతదేహాలు దొరికాయి. అది 5,670 మీటర్ల కొండ, శివలింగ్ కంటే చాలా తేలికైనది. వాళ్ళలో చాలామంది అప్పటికి నీ వయసువాళ్ళే. ఆ వార్త తలచుకున్నప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులే ఎక్కువగా జారతాయి, అంటే మనం ఎక్కడానికి బాగుందనుకునే వాలులే. కొత్త మంచు పడ్డాక కనీసం ఒక రోజు, బాగా పడితే రెండు మూడు రోజులు కదలకండి. ఆ ఖాళీ రోజులు ప్లాన్‌లో ముందే ఉండాలి. నీ ప్లాన్‌లో వాతావరణానికి రెండు రోజులే వదిలావు. ఆరు చెయ్యి. సెలవు దొరక్కపోతే వచ్చే ఏడాదికి జరుపుకో. ట్రాన్సీవర్ (మంచు కింద పడినవాళ్ళ జాడ చెప్పే రేడియో), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార మనిషికొకటి. మంచు కింద పడినవాళ్ళని మొదటి పదిహేను నిమిషాల్లో తియ్యగలిగేది పక్కనున్నవాళ్ళే.

సెరాక్ సంగతి వేరు. ఎండ లేనప్పుడు అది కూలదని మీ స్నేహితుడు అన్నాడని రాశావు. అది పొరపాటు. గ్లేసియర్ నెమ్మదిగా కదులుతూ అంచుని ముందుకి తోస్తుంది. బరువు మోయలేనప్పుడు కూలుతుంది, అర్ధరాత్రయినా సరే. దాని కింద గడిపే సమయం తగ్గించుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. దాని కింద విశ్రాంతి తీసుకోవద్దు, ఫోటోలు వద్దు, టెంట్ అసలే వద్దు.

నలుగురు వెళ్ళడం మంచి నిర్ణయం. ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు, ఒకరికి దెబ్బ తగిలితే ముగ్గురు సాయం. కానీ ఒకరు బేస్ క్యాంప్‌లోనే ఆగిపోవలసి వస్తే మిగతా ముగ్గురు ఏం చేస్తారో ఇప్పుడే తేల్చుకోండి. హెలికాప్టర్ రావచ్చు, కానీ రాదనుకునే ప్లాన్ వెయ్యి. మబ్బు పడితే ఎగరదు. తపోవనం నుంచి ఒక మనిషిని గంగోత్రి దాకా వంతులు మార్చుకుంటూ మొయ్యాలంటే ఎనిమిది మందైనా కావాలి. అందుకే వంటమనిషి, పోర్టర్లతో వెళ్ళేటప్పుడే మాట్లాడుకోవాలి. వాళ్ళకి ఇన్సూరెన్స్ చేయించు, వాళ్ళ బూట్లు, గ్లోవ్స్, స్లీపింగ్ బ్యాగులు నీ కళ్ళతో చూడు. మీకున్న టెంట్‌లో మీకున్నంత వెచ్చదనం వాళ్ళకీ ఉండాలి. ఈ విషయంలో డబ్బు మిగుల్చుకోవద్దమ్మా.

అనుమతులు: ఢిల్లీలోని ఐ.ఎం.ఎఫ్.కి (ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్) శిఖరం కోసం, గంగోత్రి నేషనల్ పార్క్ కోసం ఉత్తరాఖండ్ అటవీ శాఖకి దరఖాస్తు పెట్టాలి. రెండూ కొన్ని నెలల ముందే మొదలుపెట్టు. నీ లిస్టులో శాటిలైట్ మెసెంజర్ చూశాను. మన దేశంలో అనుమతి లేకుండా ఇరిడియం, తురాయా అనే శాటిలైట్ నెట్‌వర్కుల పరికరాలు వాడటం నేరం. ఇన్‌రీచ్ అనే మెసెంజర్ కూడా ఇరిడియం మీదే పనిచేస్తుంది. ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా లైసెన్స్‌తో వచ్చే ఇన్‌మార్‌శాట్ ఫోన్ కోసం ప్రయత్నించు. దొరక్కపోతే తపోవనం నుంచి గంగోత్రికి కబురు తీసుకెళ్ళే మనిషిని ఏర్పాటు చేసుకో.

గ్యాస్ విమానంలో తీసుకెళ్ళనివ్వరు, ఢిల్లీలోనో ఉత్తరకాశీలోనో కొను. మంచు కరిగించడానికి మనిషికి రోజుకి 110 గ్రాములు వేసుకుంటే, నలుగురికి అయిదు రోజులకి 230 గ్రాముల సిలిండర్లు పది అవుతాయి. అదనంగా రెండు. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మొండికేస్తుంది కాబట్టి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిందే చూడు. తిండి మీకిష్టమైనది తీసుకెళ్ళండి, ఆకలి చచ్చిపోయిన చోట అదొక్కటే లోపలికి దిగుతుంది. రోడ్డు మీద కూడా రెండు రోజులు అదనంగా ఉంచుకో. 2025 ఆగస్టులో ధరాలీ వరద ఏం చేసిందో చూశాం కదా, గంగోత్రికి ఉన్నది ఆ ఒక్క దారే.

ఇంటి దగ్గర మీ కాంటాక్ట్ నేనుంటాను. కొత్త ప్లాన్‌లో మీరు తపోవనానికి తిరిగి రావలసిన తేదీ, దానికి కలిపే అదనపు రోజులు, అది కూడా దాటితే నేను ఎవరెవరికి, ఏ వరసలో ఫోన్ చెయ్యాలో రాసి పంపు. నలుగురి బ్లడ్ గ్రూపులు, ఇళ్ళ నంబర్లు, ఇన్సూరెన్స్ కాగితాల కాపీలు కూడా. మీ అమ్మకి ఆ తేదీ నువ్వే చెప్పు. నేను చెప్తే టెన్షన్ పడుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న