పీచ్ తోటల్లో మట్టి తీసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

నీ మెయిల్ చదివాను. థీసిస్ కోసం కూనూరు వైపు పీచ్, ప్లమ్ తోటల్లో వేర్లను పీల్చే నులిపురుగులు (నెమటోడ్లు) వెతకబోతున్నావంటే సంతోషం. కానీ తోటకో శాంపిల్ చాలని రాశావే, అది మార్చు. నులిపురుగులు తోటంతా సమానంగా ఉండవు, గుంపులుగా ఉంటాయి. వాటంతటవి ఏడాదికి మీటరు పాకడమే గొప్ప. దూరం వెళ్లాయంటే వాన నీరో, పారకంటిన మట్టో, నర్సరీ మొక్కో మోసుకెళ్లిందన్నమాట. వడలిన చెట్ల కింది మట్టి, బాగున్న చెట్ల కింది మట్టి విడివిడిగా తియ్యి. రెండూ కలిపితే వచ్చే సగటు దేనికీ పనికిరాదు. ఎండిన పైమట్టి పక్కకి నెట్టి, సన్నవేర్లు ఉన్న లోతు నుంచి తియ్యి. వేర్లు కూడా తెచ్చుకో; ప్రాటిలెంకస్ అనే నులిపురుగు వేరు లోపలే కాపురం పెడుతుంది.

నేల ఇసుకా, బంకా అన్నది రాసుకోవడం నీకు అలవాటే. అంతకు ముందు వేసిన పంట, మొక్కలు తెచ్చిన చోటు, అంటుకట్టిన రూట్‌స్టాక్, అంటే అంటు కింది వేరుమొక్క రకం కూడా రైతునడుగు. ఈ చివరిది చాలామంది అడగరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. అమెరికాలో 1959లో వచ్చిన నెమాగార్డ్ అనే పీచ్ రూట్‌స్టాక్‌నే చూడు. వేర్లకు బుడిపెలు తెచ్చే వేరుబుడిపె నులిపురుగుల్లో ముఖ్యమైనవాటిని బాగానే తట్టుకుంది, రింగ్ నులిపురుగు దగ్గర తేలిపోయింది. జార్జియా, దక్షిణ కరొలినాల్లో లేత పీచ్ చెట్లు వసంతంలో ఉన్నట్టుండి చచ్చిపోవడం వెనక ఈ రింగ్ హస్తం పెద్దదే. అది పీల్చిన చెట్టు చలికీ, బెరడు కుళ్లబెట్టే బ్యాక్టీరియా క్యాంకర్ తెగులుకీ తేలిగ్గా లొంగిపోతుంది. కాబట్టి బుడిపెలు కనబడలేదని తోట శుభ్రం అనుకోకు.

ల్యాబ్‌లో బేర్మన్ గరాటు (మట్టిలోని పురుగులు వాటంతటవి వడపోత దాటి నీళ్లలోకి దిగే పద్ధతి) ఒక్కదాన్నే నమ్ముకోకు. రింగ్‌ది మహా బద్ధకం, వడపోత దాటి కిందికి దిగేవి తక్కువ. చక్కెర ద్రావణంతో సెంట్రిఫ్యూజ్ చేసే జెంకిన్స్ పద్ధతి కూడా పెట్టుకో. లేదంటే నీ మ్యాప్‌లో రింగ్ లేని తోటలు చాలావరకు గరాటు చలవే అవుతాయి.

కవర్లు థర్మాకోల్ పెట్టెలో సర్ది నీ దగ్గరే ఉంచుకో, బస్సు డిక్కీలో వేయకు. ఎండ తగలకూడదు, ఐస్‌కి ఆనకూడదు. బెంగళూరు శాటిలైట్ బస్‌స్టాండ్‌లో దిగాక నేరుగా జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) వెళ్లి ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టేసెయ్, హాస్టల్‌కి తర్వాత వెళ్లొచ్చు. ఆదివారం దిగేలా టికెట్ చేయకు, ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే కనుక్కో.

ఆశీస్సులతో,
పెదనాన్న, యలహంక