ఏడాది ఆల్బమ్‌ల పంచాయతీ పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

అత్త ఆశీస్సులు. ఈసారి పాటల పంచాయతీ మన పర్లాకిమిడి ఇంట్లోనే, నీ పెద్దరికంలోనే జరుగుతుందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. మీ మావయ్య క్యాసెట్ల దుకాణం నడిపిన రోజుల నుంచి అది ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. అప్పుడు దుకాణం అరుగు మీద, ఇప్పుడు మీ మేడ మీద. పాతపట్నం నుంచి వచ్చే కుర్రాళ్లు, బరంపురంలో చదువుకునే పిల్లలు, వీధిలోని ఒడియా స్నేహితులు అందరూ వస్తారట. అంతమందిని కూర్చోబెట్టి ‘ఈ ఏడాది ఉత్తమ ఆల్బమ్ ఏది?’ అని అడగడం తేలికే. గొంతు పెద్దదైనవాడి మాట కాకుండా శ్రద్ధగా విన్నవాడి మాట నిలబడేలా చూడడమే కష్టం. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఏడాది అంటే ఏ రోజు నుంచి ఏ రోజు వరకో, ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటారో తేల్చుకో. సగం గొడవలు అక్కడే పుడతాయి. ‘అల వైకుంఠపురములో’ సినిమా 2020 సంక్రాంతికి వచ్చింది. కానీ అందులోని ‘సామజవరగమన’ 2019 సెప్టెంబరు నుంచే ఊరంతా మోగింది. ‘నాటు నాటు’ సంగతి ఇంకా చిక్కు. పాట 2021 నవంబరులో వచ్చింది, సినిమా 2022 మార్చిలో, ఆస్కార్ 2023 మార్చిలో. అది ఏ ఏడాది పాట అని ముగ్గుర్ని అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఎవరిదీ పూర్తిగా తప్పని అనలేం. నా నియమం ఒకటే. ఆల్బమ్‌లోని పాటలన్నీ జనానికి వినడానికి దొరికిన రోజు ఏ సంవత్సరంలో పడితే ఆల్బమ్ ఆ సంవత్సరానిదే. ఒక్క లిరికల్ వీడియో ముందు వచ్చినంత మాత్రాన ఆల్బమ్ వచ్చినట్టు కాదు. మీకు ఇంకో నియమం నచ్చితే అదే పెట్టుకోండి. కానీ పంచాయతీకి నెల ముందే అందరికీ చెప్పు. తన ఆల్బమ్ జాబితాలోంచి పోతుందని తెలిశాక ఏ నియమాన్నీ ఎవరూ ఒప్పుకోరు.

డిసెంబరు 31 రాత్రి మాత్రం కూర్చోవద్దు. ‘పుష్ప’ మొదటి భాగం 2021 డిసెంబరు 17న విడుదలైంది. అలాంటి సినిమాకు రెండు వారాల్లో తీర్పు చెప్పామంటే, చెవుల్లో ఇంకా సినిమా హాలు హోరే ఉంటుంది. జనవరిలో వచ్చిన ఆల్బమ్‌ను జనం అప్పటికి మరిచిపోయి ఉంటారు, డిసెంబరుది నాలుక మీదే ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక పెట్టు. ఊళ్లకు వచ్చినవాళ్లూ ఉంటారు, పాటలూ కాస్త నిలకడకు వస్తాయి.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఒకే సినిమా పాటలు ఇప్పుడు నాలుగైదు భాషల్లో వస్తున్నాయి. మహేంద్రతనయ నది ఒడ్డున మన ఊళ్లో మనం ‘శ్రీవల్లి’ని సిద్ శ్రీరామ్ గొంతులో తెలుగులో వింటాం. మన పక్కింటి ఒడియా కుర్రాడు దాన్నే హిందీలో జావేద్ అలీ గొంతులో వింటాడు. బాణీ ఒకటే అయినా గాయకుడు వేరు, మాటలు వేరు, పలుకుబడి వేరు. ఇద్దరూ వాదించుకుంటుంటే నిజానికి వాళ్లు రెండు పాటల గురించి మాట్లాడుతున్నారు. కాబట్టి బాణీ మొదట ఏ భాషలో కట్టారో ఆ భాషలోని ఆల్బమ్‌నే లెక్కలోకి తీసుకోండి. మిగతా భాషల్లో విన్నవాళ్లు కనీసం ఒకసారైనా అసలుది విని రావాలని చెప్పు. మాట బాణీలో ఎక్కడ విరిగిందో, ఎక్కడ ఒదిగిందో రెండూ పక్కపక్కన వింటేనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ వయసువాళ్లు ఆల్బమ్ గురించి వాదిస్తున్నామనుకుంటూ నిజానికి ఒక్క పాట గురించే వాదిస్తారు. ఒక పాట అదిరిపోయింది కాబట్టి ఆల్బమ్ గొప్పదని తీర్మానిస్తారు. ఏడాది ఉత్తమ పాట కావాలంటే దానికి వేరే ఓటు పెట్టు. ఆల్బమ్ అంటే మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక వరుస. ఆ వరుస ఎందుకో మీ మావయ్య దుకాణంలో నాకు బాగా తెలిసింది. అప్పట్లో జనం పాటల పేర్లు కాగితం మీద రాసుకొచ్చి ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించమనేవారు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. మీ మావయ్య ప్రతి పాట పక్కన దాని నిడివి పెన్సిలుతో వేసుకుని, కూడుకుని, చివరి పాట రెండో చరణంలో తెగిపోకుండా పేర్లను పైకీ కిందికీ జరిపేవాడు. అంతటితో ఆగేవాడు కాదు. రెండు విషాద గీతాలు వెంటవెంటనే పడితే మధ్యలో ఒకటి మార్చేవాడు. ఒక పక్క అయిపోయి క్యాసెట్ తిప్పాక వచ్చే మొదటి పాట హుషారుగా ఉండాలనేవాడు, ఎందుకంటే లేచి వెళ్లిన మనిషి మళ్లీ కూర్చోవాలి. అవే పాటలు వరుస మారితే వేరే క్యాసెట్ అవుతాయని ఆ కాగితాలు చూసేవాళ్లకు తెలిసేది.

పెద్ద కంపెనీలూ ఇదే లెక్కతో పని చేశాయి. 1948లో కొలంబియా సంస్థ ఎల్పీ రికార్డు తెచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టింది. అంతకు ముందు మామూలు గ్రామఫోను రికార్డులో వైపుకు మూడు నాలుగు నిమిషాలే. ఆ ఇరవై నిమిషాలు దొరికాకే ఏ పాటతో మొదలుపెట్టాలి, ఏ పాటతో మొదటి వైపు ముగించాలి అని సంగీతకారులు తీరికగా ఆలోచించగలిగారు. ఇప్పుడు ఫోను తన ఇష్టం వచ్చిన వరుసలో పాడేస్తుంది. కాబట్టి మీ వాళ్లకు మొట్టమొదట చెప్పవలసిన మాట, షఫుల్ తీసేసి వినమని.

సినిమా ఆల్బమ్‌నూ సినిమాతో సంబంధం లేనిదాన్నీ ఒకే జాబితాలో పెట్టాలా అని తప్పకుండా అడుగుతారు. పెట్టండి. కానీ రెండింటినీ ఒకే ప్రశ్న అడగండి: తెర లేకపోతే ఇది నిలుస్తుందా? ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ అని సినిమా లేకుండా, పాట లేకుండా, వాయిద్యాలతోనే ఆల్బమ్ చేశారు. దాన్ని చేతులు కట్టుకుని విన్నవాళ్లకు ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది. నేపథ్య సంగీతాన్ని మాత్రం పాటల ఆల్బమ్‌లో కలపవద్దు. అది సన్నివేశం కోసం పుట్టింది, దాని కొలత వేరు.

వినే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. జాబితాలో పెట్టదలచిన ప్రతి ఆల్బమ్‌నూ కనీసం మూడు సార్లు, వేరువేరు రోజుల్లో వినాలి. ఒకసారి ఇయర్‌ఫోన్లతో, ఒకసారి గదిలో మామూలు స్పీకర్ మీద, ఒకసారి ఏ పనీ చేయకుండా తెర వైపు చూడకుండా. ఇయర్‌ఫోన్లలో గొంతు వెనక ఉన్న తంబూర, ఎడమ చెవిలో మెల్లగా మొదలయ్యే వయొలిన్లు వినిపిస్తాయి. చిన్న స్పీకర్ మీద అవి మాయమై గొంతూ తాళమే మిగులుతాయి. అలా మిగిలినప్పుడు కూడా పాట పాటగా ఉందంటే బాణీ గట్టిది. లేదంటే మనల్ని ఆకట్టుకున్నది అలంకారమని అర్థం. మూడోసారి వింటూ ఒక కాగితం దగ్గర పెట్టుకుని, ఏ పాటలో ఏ చోట మనసు ఆగిందో రాసుకోమను. ‘మూడో పాట, రెండో చరణం ముందు వేణువు’ అన్నంత స్పష్టంగా రాయాలి. పంచాయతీలో పనికొచ్చేది ఆ కాగితమే. ‘ఏదో ఫీల్ లేదు’ అని ఎవరైనా అంటే, ఏ చోట లేదో ఆ నిమిషం వినిపించమని అడుగు. వినిపించగలిగితే అందరూ వినండి. లేకపోతే మాట తర్వాతివారికి ఇవ్వు.

కొన్ని వాదాలను గుమ్మం దగ్గరే ఆపాలి. యూట్యూబ్ వ్యూస్ అందులో మొదటిది. పాటల యాప్‌లలో ముప్పై సెకన్లు విన్నా చాలావరకు ఒక వినికిడి కింద లెక్కే. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 2014 చివర్లో ఆల్బమ్‌ల పట్టికలోకి ఈ లెక్కను తెచ్చినప్పుడు, ఆల్బమ్‌లోని పాటలు ఏవైనా సరే 1,500 సార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టే అంది. అంటే ఒకే పాటను జనం మళ్లీ మళ్లీ విన్నా, మిగతా తొమ్మిది పాటల ముఖం ఎవరూ చూడకపోయినా, పట్టికలో ఆల్బమ్ పైకి పోతుంది. వ్యాపారానికి ఆ లెక్క సరిపోవచ్చు, మీ పంచాయతీకి చాలదు. రెండోది సినిమా ఆడిందా లేదా అన్న మాట. 1988లో ‘రుద్రవీణ’ పెద్దగా ఆడలేదు. సంగీతానికి ఇళయరాజాకూ పాడినందుకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. అవి రాకపోయినా ఆ పాటలు ఆ పాటలే. కాబట్టి పురస్కారాలనూ వసూళ్లనూ రెండింటినీ పక్కన పెట్టించు. మూడోది హీరో పేరు. నీ స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురు ఆ పేరు ఎత్తకుండా ఉండలేరు. వాళ్లకు ముందే నచ్చజెప్పు, నలుగురిలో చిన్నబుచ్చవద్దు.

ఓట్లకు ఒక మంచి పద్ధతి ఉంది. న్యూయార్కులో విలేజ్ వాయిస్ అనే వారపత్రిక 1970ల నుంచి ఏటా సంగీత విమర్శకులతో ఓట్లు వేయించేది. ఒక్కొక్కరికి 100 మార్కులు, వాటిని పది ఆల్బమ్‌లకు పంచాలి. ఏ ఆల్బమ్‌కూ 5కు తక్కువ వేయకూడదు, 30కి మించకూడదు. ఇందులోని తెలివి చూడు. ఒక ఆల్బమ్ మీద ప్రాణం పెట్టుకున్నవాడు 30 వేసి తన ప్రేమ చూపించుకోవచ్చు. కానీ అప్పుడు మిగతా తొమ్మిదింటికి 70 మాత్రమే ఉంటాయి, కాబట్టి ప్రతి మార్కూ చేయి వణుకుతూ వేస్తాడు. ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇస్తే మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎంత దూరమో తెలియదు, ఈ పద్ధతిలో తెలుస్తుంది. మీరు పది పన్నెండు మందే కాబట్టి ఒక జాగ్రత్త అవసరం. ఒక్కడు వేసిన 30, అయిదుగురు తలా 5 వేసిన ఆల్బమ్‌ను దాటిపోతుంది. అందుకని మొత్తం మార్కుల పక్కనే ఎంతమంది వేశారో కూడా రాయి. ఆ పత్రిక కూడా అలాగే అచ్చు వేసేది. రెండు అంకెలూ కలిపి చూస్తే ఏది అందరికీ నచ్చిందో, ఏది కొందరికి విపరీతంగా నచ్చిందో తేలిపోతుంది. అప్పుడే మాట్లాడుకోవడానికి అసలైన సరుకు దొరుకుతుంది.

ఓట్లు మాత్రం మాటలు మొదలుకాక ముందే రాయించాలి. కాగితాలు మడిచి ఒక డబ్బాలో వేయించి, ఆ తర్వాతే చర్చకు కూర్చోబెట్టు. చర్చ అయ్యాక మనసు మారినవాళ్లు రెండో కాగితం రాయవచ్చు. మొదటిదాన్నీ చింపవద్దు. ఎవరి మాట ఎవరిని కదిలించిందో ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. అంత ముచ్చటైన సంగతి ఇంకొకటి లేదు.

ఒడియా వాళ్ల గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. వాళ్లు మీ పంచాయతీకి అతిథులు కారు, సమాన హక్కు ఉన్నవాళ్లు. ఒడిస్సీ సంగీతంలో ఇప్పటికీ పాడుకునే పాటలు రాసిన గోపాలకృష్ణ పట్నాయక్ మన పర్లాకిమిడి మనిషే. గంజాం ప్రాంతపు కవిసూర్య బలదేవ రథ్ ‘కిశోర చంద్రానన చంపూ’ను క నుంచి క్ష దాకా అక్షరానికి ఒక పాట చొప్పున, ముప్పై నాలుగు పాటల వరుసగా కట్టాడు. రికార్డులు పుట్టకముందే ఇంత నిండైన ఆల్బమ్‌ను ఊహించిన మనిషి మన ఎల్లల్లోనే ఉన్నాడు. అలాంటి చోట కూర్చుని తెలుగు సినిమా పాటలకే పోటీ పెట్టుకుంటే మనకే నష్టం. అందుకని పది ఆల్బమ్‌లలో కనీసం రెండు తన ఇంటి భాష కాని భాషలోవి ఉండాలని షరతు పెట్టు. రథయాత్ర రోజుల్లో వచ్చే జగన్నాథ భజనల ఆల్బమ్‌లు, సంబల్‌పురి పాటలు, కొండల మీది సవర పాటలు ఎవరైనా రికార్డు చేసి పెడితే అవి, అన్నీ రానివ్వు. అర్థం తెలియని చోట పక్కవాడు ఒక్కో పంక్తీ విప్పి చెప్పాలి. సవరల భాషను పట్టుదలగా నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు తిరిగిన ఊరు మనది, పక్కింటి పాట నేర్చుకోవడానికి మనం బద్ధకించకూడదు. మాట్లాడేటప్పుడు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు మాట్లాడవచ్చు, అందరికీ రెండూ అర్థమవుతాయి. వెటకారం మాత్రం ఏ భాషలోనూ వద్దు.

మా వయసువాళ్లు వస్తే గౌరవంగా కూర్చోబెట్టు. కానీ ‘ఆ రోజుల్లో పాటలు’ అని మొదలుపెట్టగానే ఆపు. ఈ ఏడాది ఆల్బమ్‌లు పది విని వచ్చినవాళ్లకే ఓటు, వయసు ఎంతైనా సరే. అది నాకూ వర్తిస్తుంది.

జాబితా తయారయ్యాక తేదీ, వచ్చినవాళ్ల పేర్లు, ఒక్కొక్కరి మార్కులు అన్నీ ఒక పుస్తకంలో ఎక్కించి దాచు. మావయ్య పాత లెడ్జరు బీరువా కింది అరలో ఉంది, అందులో సగం కాగితాలు ఖాళీగానే ఉన్నాయి, దాన్నే వాడు.

నా కాగితం ఈ ఉత్తరంతోనే అంటించిన కవరులో పంపుతున్నాను. ఒడియాలో రెండు, తమిళంలో ఒకటి ఉన్నాయి, మిగతావి తెలుగువి. మిగతా అందరూ రాసి డబ్బాలో వేశాకే కవరు విప్పు. 30 మార్కులు వేసిన దాని గురించి ఎవరైనా గట్టిగా ఎదురు చెబితే, వాళ్ల పేరు, వాళ్లు చూపించిన పాట, నిమిషం రాసి నాకు పంపు. నేను మళ్లీ విని జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్త
రాయగడ